జాంప్‌లో అపాచీ స్టార్ట్ అవ్వట్లేదు, పోర్ట్ 80 పీఐడీ 4 అంటోంది. ఫోన్లో కూడా ఓపెన్ అవ్వాలి. ఏటి చెయ్యాలి?

గాజువాక కుర్రాడు:

అన్నలూ అక్కలూ, కొంచెం హెల్ప్ కావాలి. బీటెక్ థర్డ్ ఇయర్ నేను. మా మామయ్య ఫిషింగ్ హార్బర్‌లో పొద్దున్నే వేలంలో చేపలు పాడుకుని హోటళ్లకీ అపార్ట్‌మెంట్లకీ వేస్తాడు. ఆర్డర్లన్నీ వాట్సాప్‌లో వస్తాయి, అవి చూసి నోట్‌బుక్‌లో ఎక్కిస్తాడు, ఎవరు ఎంత బాకీ అన్నది మొత్తం ఆ తడిసిపోయిన పేజీల్లోనే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, బోట్లు జెట్టీలోనే ఉంటాయి, మామయ్య కూడా కాస్త ఖాళీ, ఈలోపు ఒక చిన్న వెబ్ యాప్ చేసి చేతిలో పెట్టేద్దామని మొదలుపెట్టా. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్. కాలేజీ మినీ ప్రాజెక్టుకి కూడా అదే పెట్టేస్తా.

నా ల్యాప్‌టాప్ విండోస్ 10, ర్యామ్ 4 జీబీ. బ్యాటరీ చచ్చిపోయింది కాబట్టి కరెంటు పోతే సిస్టమ్ కూడా పోతుంది. ఇంట్లో వైఫై లేదు, ఫోన్ హాట్‌స్పాటే. జాంప్ వేశాను, అదే అపాచీ వెబ్ సర్వర్, డేటాబేస్, పీహెచ్‌పీ అన్నీ కలిపి ఇచ్చే ప్యాకేజీ. మైఎస్‌క్యూఎల్ బాగానే స్టార్ట్ అవుతోంది, అపాచీ మాత్రం స్టార్ట్ నొక్కగానే ఆగిపోతోంది. కింద ఎర్ర అక్షరాల్లో "పోర్ట్ 80 ఇన్ యూజ్ బై అనేబుల్ టు ఓపెన్ ప్రాసెస్ విత్ పీఐడీ 4" అని వస్తోంది. వీడియోలు చూసి అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ వేశా, అదే గొడవ. స్కైప్ తీసెయ్యమని ఒకరు అన్నారు, అసలు నా దాంట్లో స్కైపే లేదు. టాస్క్ మేనేజర్‌లో ఆ 4 నంబర్‌ని ఎండ్ చేద్దామంటే ఒప్పుకోవట్లేదు.

ఇది తేలాక ఇంకో రెండున్నాయి. యాప్ నా ఫోన్లో ఓపెన్ చేసి చూసుకోవాలి, ఎందుకంటే మామయ్య వాడేది ఫోనే. ఇంకోటి, టేబుల్‌లో చేపల పేర్లు తెలుగులో వేస్తే వంజరం బదులు ప్రశ్న గుర్తులు కనబడుతున్నాయి.

జగదాంబ సెంటర్:

4 ని ఎండ్ చెయ్యడానికి ట్రై చెయ్యకు తమ్ముడూ, విండోస్‌లో పీఐడీ (నడిచే ప్రోగ్రామ్ నంబర్) 4 అంటే ఎప్పుడూ సిస్టమే, అంటే కెర్నెల్, విండోస్ గుండెకాయ. ముందు కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి "నెట్‌స్టాట్ -ఏఎన్ఓ" కొట్టు, పోర్ట్ 80 ఎదురుగా లిజనింగ్ అని ఉన్న లైన్ చూడు. తర్వాత "నెట్‌ష్ హెచ్‌టీటీపీ షో సర్వీస్‌స్టేట్" కొట్టు. (ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ కొట్టేటప్పుడు ఇంగ్లిష్‌లోనే కొట్టు బాబూ, పోయినసారి ఒకడు నిజంగానే తెలుగులో టైప్ చేసి పని చెయ్యట్లేదన్నాడు.)

జరుగుతున్నది ఏంటంటే, విండోస్‌లో హెచ్‌టీటీపీ డాట్ సిస్ అని ఒక డ్రైవర్ ఉంటుంది. ఏదైనా ప్రోగ్రామ్ "నాకు వెబ్ రిక్వెస్టులు కావాలి" అని అడిగితే దాని తరఫున ఇదే కెర్నెల్‌లో కూర్చుని పోర్ట్ (రిక్వెస్టులు వచ్చే తలుపు నంబర్) పట్టుకుంటుంది, అందుకే పేరు సిస్టమ్ అని పడుతుంది, అసలు అడిగినవాడు కనబడడు. అడిగేది చాలావరకు ఐఐఎస్, అంటే విండోస్‌లోనే ఉండే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్. కాలేజీలో ఏఎస్‌పీ డాట్ నెట్ ల్యాబ్ ఉందా? ఉంటే ఎప్పుడో విండోస్ ఫీచర్స్‌లో టిక్ పెట్టి ఉంటావు. లేదంటే ఎస్‌క్యూఎల్ సర్వర్‌ వాళ్ల రిపోర్టింగ్ సర్వీసెస్. జాంప్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా తేడా రాదు, తప్పు జాంప్‌ది కాదు.

గాజువాక కుర్రాడు:

అన్నా నిజమే, సెకండ్ ఇయర్‌లో ఆ ల్యాబ్ ఉంది, అప్పుడు సార్ చెప్పినట్టు ఏవేవో టిక్ పెట్టాను. సర్వీసుల్లో వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్ రన్నింగ్ అని ఉంది. ఆపెయ్యనా? ఆ ల్యాబ్ రికార్డు ప్రోగ్రాములు ఇంకా దాంట్లోనే ఉన్నాయి.

జగదాంబ సెంటర్:

ఆపితే ప్రోగ్రాములు ఎక్కడికీ పోవు, ఫైళ్లు ఫైళ్లలాగే ఉంటాయి. సర్వీస్ మీద డబుల్ క్లిక్ చేసి స్టాప్ కొట్టు, స్టార్టప్ టైప్ మాన్యువల్ పెట్టు, లేకపోతే రీస్టార్ట్ అయినప్పుడల్లా మళ్లీ ముందుకొచ్చి కూర్చుంటుంది.

కానీ నన్నడిగితే దాని జోలికే వెళ్లొద్దు, అపాచీని వేరే పోర్టుకి మార్చెయ్యి. 80 కోసం కొట్టుకోవడం ఎందుకు, అది అలవాటు నంబర్ తప్ప డెవలప్‌మెంట్‌కి దానితో పనేం లేదు. జాంప్ ప్యానెల్‌లో అపాచీ పక్కన కాన్ఫిగ్ నొక్కితే హెచ్‌టీటీపీడీ డాట్ కాన్ఫ్ తెరుచుకుంటుంది. అందులో "లిజన్ 80" ని "లిజన్ 8080" చెయ్యి, కొంచెం కిందికెళ్తే సర్వర్‌నేమ్ లోకల్‌హోస్ట్ : 80 అని ఉంటుంది, అక్కడ కూడా 8080. తర్వాత ప్యానెల్ పైన కుడివైపున ఉండే పెద్ద కాన్ఫిగ్ బటన్‌లో సర్వీస్ అండ్ పోర్ట్ సెట్టింగ్స్‌కి వెళ్లి అక్కడ కూడా మెయిన్ పోర్ట్ 8080 అని రాయి. ఈ ఆఖరిది చాలామంది వదిలేస్తారు, అప్పుడు అపాచీ శుభ్రంగా నడుస్తున్నా ప్యానెల్ మాత్రం 80 వైపే చూస్తూ ఎర్ర అక్షరాలు వేస్తూనే ఉంటుంది. అలాగే 443 (హెచ్‌టీటీపీఎస్ పోర్ట్) ని కూడా ఎవరైనా పట్టుకుని ఉంటే అపాచీ మొత్తం లేవదు, దాని లిజన్ లైన్ వేరే ఫైల్లో ఉంటుంది, హెచ్‌టీటీపీడీ హైఫన్ ఎస్‌ఎస్‌ఎల్ అని. అక్కడ 4433 పెట్టేసుకో.

ఇక నుంచి బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ (అంటే నీ మెషీనే) తర్వాత కోలన్ 8080 కొట్టాలి. అంతే.

రుషికొండ హిల్ 3:

2002 నాటి జాంప్‌ని ఇంకా ఎన్నాళ్లు పట్టుకుని వేలాడతారు? డాకర్ వేసుకో బ్రో, ప్రోగ్రాముల్ని వాటికి కావాల్సినవాటితో సహా విడివిడి డబ్బాల్లో (ఆ డబ్బా మూసే ఇమేజ్) నడిపేది. ఒక కంపోజ్ ఫైల్ రాస్తే పీహెచ్‌పీ అపాచీ ఇమేజ్ ఒకటి, మరియాడీబీ ఇమేజ్ ఒకటి, పోర్ట్ దగ్గర 8080 : 80 అని రాస్తే బయట 8080, లోపల 80, ఎవరితోనూ గొడవ లేదు. రేపు జాబ్‌కి వెళ్లినా అడిగేది ఇదే. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి రిపాజిటరీ క్లోన్ చేసి ఒక్క కమాండ్ కొట్టమంటాం, అందరి దగ్గరా ఒకే వెర్షన్, "నా సిస్టమ్‌లో పని చేస్తోంది" అనే మాటే వినబడదు.

కంచరపాలెం మెట్టు:

రుషికొండ అన్నయ్యా, పోస్ట్ చదివారా? 4 జీబీ ర్యామ్, హాట్‌స్పాట్. విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ అంటే కింద డబ్ల్యూఎస్‌ఎల్ 2 నడవాలి, అది వర్చువల్ మెషీన్, ఏమీ చెప్పకపోతే ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. మిగిలిన రెండింట్లో విండోస్, క్రోమ్, ఎడిటర్ సర్దుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో వీఎమ్‌మెమ్ అని ఒకటి కనబడుతుంది, దాన్ని చూస్తూ కూర్చోవడమే పని. ఇమేజ్‌లు డౌన్‌లోడ్ అవ్వడానికే కుర్రాడి డేటా ప్యాక్ అయిపోతుంది. ఆఫీసులో 16 జీబీ మెషీన్ ఇచ్చి కింద ఫైబర్ నెట్ పెట్టుకుని అందరికీ డాకర్ చెప్పడం తేలికే.

తమ్ముడూ, జాంప్ ప్యానెల్ కూడా బరువనిపిస్తే ఇంకా తేలిక దారి ఉంది. పీహెచ్‌పీ 5.4 నుంచి, అంటే 2012 నుంచి, దాంట్లోనే చిన్న సర్వర్ ఉంది. నీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పీహెచ్‌పీ -ఎస్ లోకల్‌హోస్ట్:8000" కొట్టడమే, ఆ ఎస్ మాత్రం పెద్ద బడి ఎస్. అపాచీ అక్కర్లేదు, హెచ్‌టీడాక్స్‌లోకి (జాంప్ పేజీలు వెతికే ఫోల్డర్) కాపీ చెయ్యక్కర్లేదు. డేటాబేస్ కోసం జాంప్‌లో మైఎస్‌క్యూఎల్ ఒక్కటి ఆన్ చేసుకో, పేరు అలా ఉంటుంది గానీ 2015 నుంచి లోపల ఉన్నది మరియాడీబీయే. ఒకటే చిక్కు, విండోస్‌లో ఈ చిన్న సర్వర్ ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూస్తుంది, ఒక పేజీ నుంచి ఇంకో పేజీని సర్వర్ ద్వారానే పిలిస్తే అలాగే బిగుసుకుపోతుంది. డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ని కూడా పట్టించుకోదు, అది అపాచీ సొత్తు.

రుషికొండ హిల్ 3:

సరే ర్యామ్ సంగతి ఒప్పుకుంటా, ఇప్పటికి జాంప్‌తో కానివ్వు. 8 జీబీ వేయించాక డాకర్ నేర్చుకో, ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను. ఇంకోటి, బూట్‌స్ట్రాప్, జేక్వెరీ, ఫాంట్లు ఇవన్నీ సీడీఎన్ లింకులతో (నెట్‌లో వేరే సర్వర్ నుంచి తెచ్చుకునేవి) పెట్టి ఉంటావు, అవి డౌన్‌లోడ్ చేసి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లోనే పెట్టుకో. లోకల్‌హోస్ట్ అంటూనే పేజీ తెరిచిన ప్రతిసారీ నెట్ అడగడమేంటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి ఊళ్లో కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. జనరేటర్ మీద ల్యాప్‌టాప్ చార్జింగ్ పెట్టుకుని తెరిస్తే, సీడీఎన్ మీద ఆధారపడ్డ పేజీలన్నీ బోసిగా అక్షరాలు మాత్రమే చూపించాయి.

లాసన్స్ బే టీచర్:

ప్రశ్న గుర్తుల సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అది నేను చెప్తాను. బాబూ, టేబుల్ నువ్వే క్రియేట్ చేశావా, లేక ఎవరిదో ఎస్‌క్యూఎల్ ఫైల్ ఇంపోర్ట్ చేశావా? పీహెచ్‌పీ మై అడ్మిన్‌లో టేబుల్ స్ట్రక్చర్ తెరిచి పేరు కాలమ్ ఎదురుగా కొలేషన్ (అక్షరాలు ఏ పద్ధతిలో దాచి పోలుస్తుందో చెప్పేది) ఏముందో చూసి చెప్పు.

గాజువాక కుర్రాడు:

సీనియర్ దగ్గర తీసుకున్న ఫైల్ మేడమ్, అదేదో స్టోర్ ప్రాజెక్ట్, అందులో ప్రొడక్ట్స్ టేబుల్‌ని చేపలకి మార్చుకున్నా. కొలేషన్ "లాటిన్1 స్వీడిష్ సీఐ" అని ఉంది. స్వీడిష్ ఏంటి మేడమ్ మధ్యలో?

లాసన్స్ బే టీచర్:

మైఎస్‌క్యూఎల్ పుట్టింది స్వీడన్‌లో, అందుకని పాత డిఫాల్ట్ అది. చేతులు మారుతూ వచ్చే కాలేజీ ప్రాజెక్ట్ ఫైళ్లలో సగం ఇలాగే ఉంటాయి. లాటిన్1లో తెలుగు అక్షరానికి చోటే లేదు, అందుకే ఒక్కో అక్షరం బదులు ఒక్కో ప్రశ్న గుర్తు పెట్టి దాచింది. ఇది చూపించడంలో వచ్చిన తేడా కాదు, దాచడంలోనే పోయింది. కాబట్టి ఇప్పటిదాకా ఎక్కించిన పేర్లు తిరిగి రావు, మళ్లీ టైప్ చేసుకోవాలి. ఎన్ని చేపలుంటాయిలే, చేసుకో.

టేబుల్‌ని యూటీఎఫ్8ఎంబీ4కి మార్చు. ఉత్త యూటీఎఫ్8 అని ఉన్నది కాదు, చివర ఎంబీ4 ఉన్నదే. మైఎస్‌క్యూఎల్‌లో పాత యూటీఎఫ్8 అంటే అక్షరానికి మూడు బైట్లే, తెలుగు అక్షరాలకి మూడు చాలు గానీ ఎమోజీకి నాలుగు కావాలి, మీ మామయ్య కస్టమర్లు ఆర్డర్‌లో దండం బొమ్మ పెట్టారంటే అక్కడ ఆగిపోతుంది. తర్వాత పీహెచ్‌పీలో కనెక్షన్ తీసుకున్న వెంటనే సెట్ చార్‌సెట్ ఫంక్షన్‌తో అదే యూటీఎఫ్8ఎంబీ4 చెప్పు. టేబుల్ మార్చి ఈ లైన్ మర్చిపోయేవాళ్లు ఎక్కువ, అప్పుడు తెలుగు పోయి పిచ్చి అక్షరాలు వస్తాయి. హెచ్‌టీఎంఎల్ హెడ్‌లో మెటా చార్‌సెట్ ఎలాగూ ఉండాలి.

ఇంకో మాట, పేరు పొడవు చెక్ చేస్తున్నావేమో చూసుకో. పండుగప్ప అంటే కంటికి నాలుగక్షరాలు. పీహెచ్‌పీలో పొడవు చెప్పే ఎంబీ స్ట్ర్‌లెన్ ఫంక్షన్ అడిగితే 8 అంటుంది, ఎందుకంటే సున్నా, కొమ్ము, వత్తు కోసం వచ్చే పొల్లు, అన్నీ విడివిడిగా లెక్కే. మామూలు స్ట్ర్‌లెన్ అడిగితే 24 అంటుంది, అది బైట్లు లెక్కపెడుతుంది. "పేరు 20 అక్షరాలు దాటకూడదు" అని స్ట్ర్‌లెన్‌తో రాసి ఉంటే పండుగప్పని తీసుకోదు, వంజరం మాత్రం 15 బైట్లే కాబట్టి దిగిపోతుంది. అప్పుడు ఒక చేప ఎక్కి ఇంకోటి ఎందుకు ఎక్కట్లేదో తెలియక తల పట్టుకుంటావు.

గాజువాక కుర్రాడు:

మేడమ్ మీరు దేవత. వంజరం, చందువ, పండుగప్ప అన్నీ వచ్చేశాయి! నిజంగానే స్ట్ర్‌లెన్ పెట్టి ఉంది ఆ సీనియర్ కోడ్‌లో, తీసేశా. అపాచీ 8080 మీద నడుస్తోంది, జగదాంబ అన్నకి థాంక్స్.

ఇప్పుడు ఫోన్. ఫోన్లో లోకల్‌హోస్ట్ : 8080 కొడితే సైట్ రీచ్ అవ్వట్లేదు అంటోంది.

జగదాంబ సెంటర్:

ఫోన్లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే తమ్ముడూ, నీ ల్యాప్‌టాప్ కాదు. ల్యాప్‌టాప్ హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అయి ఉన్నప్పుడు "ఐపీకాన్ఫిగ్" కొట్టి, వైర్‌లెస్ ల్యాన్ కింద ఐపీవీ4 అడ్రస్ ఎంతుందో చూడు, 192.168తో మొదలయ్యే అవకాశం ఎక్కువ. ఫోన్ బ్రౌజర్‌లో ముందు హెచ్‌టీటీపీ పెట్టి ఆ అడ్రస్, కోలన్, 8080 కొట్టు. హెచ్‌టీటీపీ పెట్టకపోతే కొన్నిసార్లు అది సెర్చ్‌లోకి పోతుంది.

అప్పటికీ రాకపోతే ఫైర్‌వాల్. అపాచీ మొదటిసారి లేచినప్పుడు విండోస్ ఒక బాక్స్ చూపించి పర్మిషన్ అడుగుతుంది, చాలామంది క్యాన్సిల్ నొక్కేస్తారు, నొక్కితే అది బ్లాక్ రూల్ రాసిపెట్టుకుంటుంది. ఫైర్‌వాల్‌లో అలౌ యాన్ యాప్‌కి వెళ్లి అపాచీ హెచ్‌టీటీపీ సర్వర్ ఎదురుగా ప్రైవేట్ టిక్ పెట్టు, తర్వాత నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో నీ హాట్‌స్పాట్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కి మార్చు. ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్ చెయ్యమని చెప్పే వీడియోలుంటాయి, వినకు. ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ మధ్య నడిచేదానికి డేటా ప్యాక్ ఖర్చవ్వదు, ఆ టెన్షన్ వద్దు. హాట్‌స్పాట్ ఆపి మళ్లీ వేస్తే ఐపీ మారొచ్చు, అది చూసుకో. కాలేజీ వైఫైలో ఇలా రాకపోతే నీ తప్పు కాదు, పెద్ద నెట్‌వర్కుల్లో ఒక డివైస్ ఇంకోదాన్ని చూడకుండా కట్టేస్తారు.

కంచరపాలెం మెట్టు:

పీహెచ్‌పీ చిన్న సర్వర్ వాడితే లోకల్‌హోస్ట్ బదులు 0.0.0.0 అని ఇవ్వాలి, లేకపోతే బయటి నుంచి ఎవరినీ రానివ్వదు. ఇంట్లో, హాట్‌స్పాట్‌లో పర్వాలేదు. కాఫీ షాపు వైఫైలో మాత్రం అలా తెరిచి పెట్టొద్దు.

గాజువాక కుర్రాడు:

ఫోన్లో వచ్చేసింది అన్నా! ఫైర్‌వాలే. ఒక్కటే మిగిలింది. కస్టమర్ డెలివరీ లొకేషన్ పిన్ చెయ్యడానికి బటన్ పెట్టాను, ల్యాప్‌టాప్‌లో నొక్కితే అడుగుతోంది, ఫోన్లో నొక్కితే కనీసం పర్మిషన్ కూడా అడగట్లేదు. ఫోన్లో జీపీఎస్ ఆన్‌లోనే ఉంది.

రుషికొండ హిల్ 3:

ఇది మావాళ్లకి కూడా పెద్ద తలనొప్పి, కాబట్టి వివరంగా చెప్తా. లొకేషన్, కెమెరా, మైక్ లాంటివి బ్రౌజర్ సెక్యూర్ అనుకున్న పేజీలకే ఇస్తుంది. క్రోమ్ 50 నుంచి, అంటే 2016 ఏప్రిల్ నుంచి, హెచ్‌టీటీపీ పేజీకి లొకేషన్ లేదు. మరి ల్యాప్‌టాప్‌లో ఎలా వచ్చిందంటే, లోకల్‌హోస్ట్‌కి మినహాయింపు ఉంది, అది మెషీన్ దాటి బయటికి వెళ్లదు కాబట్టి హెచ్‌టీటీపీ అయినా నమ్ముతుంది. ఫోన్లో నువ్వు కొట్టేది 192.168 అడ్రస్, దానికి ఆ మినహాయింపు లేదు. నీ కోడ్‌లో తప్పేమీ లేదు.

అందుకని ఫోన్‌కి కూడా అది లోకల్‌హోస్ట్ లాగే కనబడేలా చెయ్యాలి. ఆండ్రాయిడే కదా? డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టు. ల్యాప్‌టాప్ క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్ ఇన్‌స్పెక్ట్ పేజీ తెరిచి పోర్ట్ ఫార్వార్డింగ్ నొక్కు, ఎడమ గడిలో 8080, కుడి గడిలో లోకల్‌హోస్ట్ : 8080 రాసి ఎనేబుల్ చెయ్యి. ఇక ఫోన్లో లోకల్‌హోస్ట్ : 8080 అని కొడితే కేబుల్ గుండా నీ అపాచీకే వస్తుంది, లొకేషన్ అడుగుతుంది. వైఫై, ఐపీ, ఫైర్‌వాల్ ఏవీ అక్కర్లేదు. పైగా ఫోన్లో వచ్చే కన్సోల్ ఎర్రర్లు ల్యాప్‌టాప్‌లో కనబడతాయి, అదే అసలు లాభం. ముందే ఇది చెప్పి ఉంటే జగదాంబ గారి ఐపీకాన్ఫిగ్ ప్రవచనం తప్పేది :)

జగదాంబ సెంటర్:

కేబుల్ ఒక్క ఫోన్‌కే. మామయ్య ఫోన్, అత్తయ్య ఫోన్, కస్టమర్ ఫోన్ ఒకేసారి చూపించాలంటే నా ప్రవచనమే దిక్కు.

లాసన్స్ బే టీచర్:

వాళ్ల గొడవ వాళ్లని పడనివ్వు, నువ్వు కరెంటు సంగతి చూసుకో బాబూ. బ్యాటరీ లేని సిస్టమ్ మీద డేటాబేస్ నడుపుతున్నావు, ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. రాస్తుండగా ఆగిపోతే ఒక్కోసారి తర్వాత మైఎస్‌క్యూఎల్ "షట్‌డౌన్ అన్‌ఎక్స్‌పెక్టెడ్లీ" అని మొండికేస్తుంది. అప్పుడు చాలామంది జాంప్‌నే అన్‌ఇన్‌స్టాల్ చేసేస్తారు, దానితో డేటా కూడా పోతుంది. అలా చెయ్యకు. జాంప్‌లో మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లో డేటా, బ్యాకప్ అని రెండుంటాయి. డేటా పేరుని డేటా పాతది అని మార్చు, బ్యాకప్‌ని కాపీ చేసి దానికి డేటా అని పేరు పెట్టు, పాత దాంట్లోంచి నీ డేటాబేస్ ఫోల్డర్‌నీ, ఐబీడేటా1 అనే ఫైల్‌నీ కొత్త దాంట్లోకి తెచ్చుకో. ఆ ఐబీడేటా1 లేకుండా ఫోల్డర్ ఒక్కటీ తెస్తే టేబుళ్ల పేర్లు కనబడతాయి, తెరిస్తే లేవంటుంది.

అక్కడిదాకా రాకుండా ఉండాలంటే మైఎస్‌క్యూఎల్ డంప్ కమాండ్‌తో ఒక చిన్న బ్యాట్ ఫైల్ (డబుల్ క్లిక్ చేస్తే కమాండ్లు నడిపేది) రాసి, పని ఆపేటప్పుడు దానిమీద డబుల్ క్లిక్ చెయ్యి. వచ్చిన ఎస్‌క్యూఎల్ ఫైల్‌ని నీకు నువ్వే మెయిల్ చేసుకున్నా చాలు.

గాజువాక కుర్రాడు:

బ్యాట్ ఫైల్ రాసేశా మేడమ్. కేబుల్‌తో లొకేషన్ కూడా వచ్చింది. మామయ్యకి చూపిస్తే బాకీల పేజీ ఒక్కటే చూశాడు, మిగతావి ఎందుకురా అన్నాడు. ఇదే ల్యాప్‌టాప్‌లో జాంప్ ఆన్ చేసి ఉంచితే ఆయన హార్బర్ నుంచి వాడుకోవచ్చా?

కంచరపాలెం మెట్టు:

వద్దు. జాంప్‌లో మైఎస్‌క్యూఎల్ రూట్‌కి పాస్‌వర్డే ఉండదు, చేసినవాళ్లే ఇది డెవలప్‌మెంట్ కోసం, ప్రొడక్షన్‌కి కాదని చెప్తారు. టన్నెల్ పెట్టి నెట్‌లోకి వదలమని ఎవరైనా చెప్తే, పది నిమిషాలు చూపించడానికైతే ఓకే, జనం బాకీల లెక్కలు మాత్రం అలా పెట్టకు. హోస్టింగ్ తీసుకోవాలి. ఎక్కడ, ఎంత అన్నది కొత్త థ్రెడ్ పెట్టి అడుగు తమ్ముడూ, అన్నీ ఇందులోనే కలిపేస్తే రేపు పీఐడీ 4 అని వెతుక్కుంటూ వచ్చినవాడికి ఏదీ దొరకదు.